మిషన్ కోత వరిగడ్డి బర్లు తింటలేవు: యూరియా కలిపి మాగబెడితే బలమొస్తదా?

పాడి_కామారెడ్డి

అన్నలకు, అక్కలకు నమస్తే. యాసంగి వరి మిషన్‌తోని కోయించినం, గడ్డి బేలర్‌తోని చుట్టలు కట్టించి కొట్టం పక్కన పేర్చినం. గడ్డికి కొదువ లేదు. కానీ బర్లు సగం తిని సగం గాడిలనే తొక్కుతున్నయి. చేతికోత గడ్డి ఉన్నప్పుడు గిట్ల చేయకపోతుండె. పది గుంటలల్ల సూపర్ నేపియర్ పచ్చిగడ్డి ఉన్నది గాని ఎండకాలం బోరు సన్నగ పోస్తది, అది ఎక్కడ సాలుతది? దాణా, పత్తి చెక్క రేట్లు మీకు ఎరుకే.

పశువుల దవాఖాన గోడ మీద పాత పోస్టర్ ఉన్నది, వరిగడ్డికి యూరియా కలిపి మాగబెడితే బలమొస్తదని. ఊర్లె అడిగితే "బర్లను సంపుకుంటవారా" అన్నరు. మీల ఎవరన్న నిజంగ చేసిన్రా? చేస్తే ఎట్ల చేయాలె?

డెల్టా_గేదెలు (గుడివాడ)

తమ్ముడూ, మిషన్ గడ్డితో అందరిదీ ఇదే గోల. మిషన్లో నలిగి పొట్టయిపోతుంది, బేలర్ నేలమీంచి ఊడ్చుకొచ్చేటప్పుడు మట్టి, దుమ్ము కూడా చుట్టలోకి వస్తాయి. గేదె ముక్కుకి దుమ్ము తగిలిందంటే మూతి తిప్పేసుకుంటుంది. ముందు చుట్ట విప్పి బాగా దులపండి. చాఫ్ కట్టర్లో అంగుళం ముక్కలు కొట్టి, కాస్త ఉప్పు నీళ్లు చల్లి పెట్టండి. గాడిలో మిగిలేది చాలా తగ్గుతుంది. ఈ మాత్రానికి యూరియా దాకా ఎందుకండీ?

విశ్రాంత_పశువైద్యుడు

గుడివాడ వారు చెప్పింది మంచి మాటే. అయితే ముక్కలు కొడితే వృథా తగ్గుతుంది గానీ గడ్డిలో బలం పెరగదు. ఈ రెండూ వేరు వేరు సంగతులు.

వరిగడ్డిలో ముడి మాంసకృత్తులు 3 నుంచి 4 శాతమే. పశువు పెద్దపొట్టలో ఉండే సూక్ష్మజీవులే గడ్డిని అరగదీస్తాయి. వాటి పని సాగాలంటే మొత్తం మేతలో కనీసం 7 శాతమైనా మాంసకృత్తులు ఉండాలి. లేకపోతే గడ్డి పొట్టలో అలాగే నిలబడిపోతుంది, పొట్ట ఖాళీ కాదు, కాబట్టి పశువు ఇంకా తినదు. మీ గాడిలో గడ్డి మిగలడానికి దుమ్ము ఒక్కటే కారణం కాదన్నమాట. పైగా వరిగడ్డిలో సిలికా ఎక్కువ, లిగ్నిన్ అనే అరగని పదార్థం పీచుని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆక్జలేట్లు ఉంటాయి, అవి కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు.

యూరియా చేసే పని ఇది. తడి గడ్డిలో గాలి చొరకుండా మూసిపెడితే యూరియా విడిపోయి అమ్మోనియా అవుతుంది. ఆ అమ్మోనియా పీచుని ఉబ్బించి, లిగ్నిన్ పట్టు సడలిస్తుంది. కొంత నత్రజని గడ్డిలోనే నిలిచిపోతుంది. మాంసకృత్తులు 7–8 శాతానికి చేరతాయి. అరుగుదలా పెరుగుతుంది, పశువు తినే మోతాదూ పెరుగుతుంది.

పద్ధతి: 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు. గడ్డిని తూకం వేయండి, కంటిచూపుతో అంచనా కట్టవద్దు. యూరియా పలుకు మిగలకుండా నీళ్లలో కరగాలి. నేల మీద పట్టా పరిచి, జానెడు మందాన గడ్డి వేసి, పూలమొక్కలకు పోసే జల్లు డబ్బాతో ఆ నీళ్లు సమంగా చల్లి తొక్కించండి. పొర మీద పొర అలాగే. చివర్న పైన టార్పాలిన్ కప్పి అంచులన్నీ మట్టితో మూసేయండి. 3 వారాలు ముట్టుకోవద్దు. ఎండాకాలం ముందే తయారవుతుంది, అయినా ఆగండి. చుట్టలను చుట్టలుగానే పెడితే నీళ్లు లోపలికి దిగవు, విప్పి పరచాల్సిందే.

తీసేటప్పుడు ఒక పక్క నుంచి ఆ రోజుకి సరిపడా తీసి, నీడలో గంటా రెండు గంటలు ఆరబోసి, ఘాటు పోయాక వేయండి. మిగతాది మళ్లీ కప్పేయండి. మొదటి వారం మామూలు గడ్డిలో కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. గుర్రాలకు, పందులకు అసలే వద్దు.

పాడి_కామారెడ్డి

డాక్టర్ సాబ్, ఇంత ఇవరంగ చెప్పినందుకు దండాలు. రెండు అనుమానాలు. ఒకటి, ఇప్పుడు వచ్చే యూరియా అంతా వేపపూతదే. అది పనిచేస్తదా? రెండోది, మూడు వారాలు ఆగకుంట యూరియా నీళ్లు గడ్డి మీద చల్లి ఎంటనే ఏస్తే కాదా? మా దోస్తు ఒకడు అట్లనే చేయమంటుండు.

మెట్ట_రైతు_పొదిలి

ఆ దోస్తు మాట ఎత్తొద్దు అన్నా. మా పక్కూళ్లో పొలం కాడ యూరియా కలిపిన నీళ్ల బకెట్ గట్టున పెట్టి పోయారు. దప్పిక మీదున్న గేదె వచ్చి తాగింది. వణుకు, నోటెంబడి నురగ, పొట్ట ఉబ్బరం. డాక్టరు వచ్చేలోగా అయిపోయింది.

విశ్రాంత_పశువైద్యుడు

పొదిలి వారు చెప్పిన లక్షణాలు యూరియా విషానివే. పెద్దపొట్టలో యూరియా నిమిషాల మీద అమ్మోనియాగా మారి రక్తంలోకి ఎక్కేస్తుంది. అలాంటప్పుడు డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన వచ్చేలోగా పెద్ద పశువుకైతే మూడు నాలుగు లీటర్ల వెనిగర్‌ని బాగా ఎక్కువ చల్లటి నీళ్లలో కలిపి తాగించాలి. పులుపు, చల్లదనం రెండూ అమ్మోనియాని నెమ్మదింపజేస్తాయి. గొట్టం వేయడం తెలియకపోతే ఊపిరితిత్తుల్లోకి పోకుండా తల మరీ ఎత్తకుండా, కొద్దికొద్దిగా పట్టండి.

మాగిన గడ్డికీ పచ్చి యూరియా నీళ్లకీ తేడా ఇక్కడే ఉంది. మాగినదానిలో మార్పు పొట్టలో కాకుండా టార్పాలిన్ కిందే జరిగిపోయింది. మిగిలిన అమ్మోనియా ఆరబోస్తే గాలికి పోతుంది. అందుకే మూడు వారాలు. ఇందులో దగ్గర దారి లేదు.

వేపపూత సంగతి: వేపనూనె నేలలో అమ్మోనియా నైట్రేటుగా మారడాన్ని ఆలస్యం చేస్తుంది. యూరియా విడిపోయి అమ్మోనియా కావడం మాత్రం ఆగదు. వాడుకోవచ్చు.

సీమ_పాడి_అక్క (కదిరి)

మీరంతా వరిగడ్డి కాడే ఆగిపోతే ఎట్లన్నా? మా పక్క గడ్డి అంటే శెనిక్కాయ కట్టె. వాన బాగుండి కట్టె బాగా వచ్చిన ఏడు మా ఎనుములకు చెక్క కొనే పని సగం తగ్గుతాది. దీనికి యూరియా అక్కరలేదు కదా డాక్టరు గారూ?

మా కాడ ఐసీజీవీ 91114 అనే శెనిక్కాయ రకం ఏసినోళ్లు ఉండారు. పటాన్‌చెరులో పంటల పరిశోధన చేసే ఇక్రిశాట్ వాళ్లది, అనంతపురం జిల్లాకే ఇచ్చినారు. కరువుకి తట్టుకుంటుందని ఏస్తే, కట్టె కూడా పశువులు ఇష్టంగా తిన్నాయి. పాలు కూడా పెరుగుతాయని దాని మీద పనిచేసినోళ్లే చెప్పినారు. విత్తనం ఎంచుకునేటప్పుడు కాయ ఒక్కటే చూస్తాం, కట్టెను ఎవురూ చూడరు. నేనైతే చూస్తా.

విశ్రాంత_పశువైద్యుడు

అక్కా, వేరుశనగ కట్టెకు యూరియా అవసరమే లేదు. ఆకు రాలకుండా ఉంటే దానిలో మాంసకృత్తులు 8 నుంచి 12 శాతం దాకా ఉంటాయి. మాగబెట్టిన వరిగడ్డి కన్నా మేలైన మేత. దాని శత్రువులు రెండే: వాన, అతిగా ఎండటం. ఆకంతా పొలంలోనే రాలిపోతే మీకు మిగిలేది పుల్లలు. వాన తగిలి బూజు పట్టిన కట్టె మాత్రం పాల పశువులకు వేయకండి. కంది, మినుము, పెసర పొట్టుకీ ఇదే మాట. పప్పుజాతి పొట్టుని ఒట్టిగా వేసే బదులు వరిగడ్డితో కలిపి వేస్తే ఆ నత్రజని గడ్డిని కూడా అరిగిస్తుంది.

లెక్కల_మనిషి

ఎవరూ పైసల మాట ఎత్తడం లేదు కాబట్టి నేను ఎత్తుతాను.

యూరియా బస్తా 45 కిలోలు, 266 రూపాయల 50 పైసలు. 4 కిలోలంటే సుమారు 24 రూపాయలు. యూరియాలో నత్రజని 46 శాతం, అంటే 4 కిలోల్లో 1.84 కిలోలు. మాంసకృత్తుల లెక్కకి 6.25తో గుణిస్తే 11.5 కిలోలు. సగానికి పైగా ఆవిరైపోతుంది అనుకుందాం, 4 కిలోలు నిలిచినా క్వింటాలు గడ్డిలో 4 శాతం పెరిగినట్టు. డాక్టరు గారు చెప్పిన 7–8 శాతం అక్కడి నుంచే వస్తోంది. పొట్టు తీయని పత్తి చెక్కలో మాంసకృత్తులు 22 శాతం అనుకుంటే ఇది 18 కిలోల చెక్కకి సమానం. 24 రూపాయలకి 18 కిలోల చెక్క! కాగితం మీద ఇంతకన్నా లాభం ఏముంటుంది?

మరి ఊళ్లో ఒక్కడూ ఎందుకు చేయడం లేదు? 1980ల నుంచి డిపార్ట్‌మెంట్ చెబుతూనే ఉంది. ఇండో-డచ్ ప్రాజెక్టు అని ఒకటి దేశంలో చాలా చోట్ల ఈ గడ్డి మీదే ఏళ్ల తరబడి పనిచేసింది. పోస్టర్లు మిగిలాయి, గడ్డి మాగబెట్టే గుంతలు మిగల్లేదు. గడ్డి తూకం, నీళ్ల మోత, తొక్కడం, కప్పడం అంతా కూలీల పని. అది కూడా కోతల సమయంలోనే, కూలీలు దొరకనప్పుడే. దానికి తోడు యూరియా బస్తా కోసం సొసైటీ ముందు చెప్పులు వరసలో పెట్టే రోజుల్లో, పొలానికి వేయాల్సింది తీసి గడ్డికి వేయమంటే ఎవరేస్తారు?

విశ్రాంత_పశువైద్యుడు

లెక్క తప్పు పట్టలేను, ఒక్క చోట తప్ప. 18 కిలోల చెక్కకి సమానం కాదు. చెక్కలో ఉండేది అసలు మాంసకృత్తి, నూనె, శక్తి. గడ్డిలో నిలిచేది ఉత్త నత్రజని. సూక్ష్మజీవులు దాన్ని వాడుకోవాలంటే పక్కన కొంచెం పిండిపదార్థం పడాలి: తవుడు, మక్కపిండి, బెల్లపు మడ్డి, ఏదో ఒకటి. పూటకి ఆరేడు లీటర్లిచ్చే గేదెను మాగిన గడ్డి మీదే నడపలేం, దానికి దాణా ఉండాల్సిందే. ఈ గడ్డి పనికొచ్చేది వట్టిపోయిన గేదెలకు, పడ్డలకు, ఎడ్లకు, తక్కువ పాల పశువులకు. వాటి దాణా తగ్గించి ఆ దాణా పాల గేదెకు మళ్లించవచ్చు.

మిగతాది మీరన్నట్టే. గడ్డి దండిగా ఉండి, పచ్చిమేత లేక, దాణా ఖరీదుగా ఉండి, ఇంట్లో మనుషులుంటేనే ఇది గిట్టుతుంది. పచ్చిమేత ఉన్నవాడికి నేనే వద్దని చెబుతాను.

డెల్టా_గేదెలు (గుడివాడ)

హమ్మయ్య, ఇప్పుడు దారికొచ్చారు డాక్టరు గారు. మావైపు పాతరోజుల్లో కోతకొచ్చిన వరి చేలో జనుము, పిల్లిపెసర చల్లేవారు. కొంత పచ్చిగా మేపి, కొంత ఎండబెట్టి వామి వేసేటప్పుడు వరిగడ్డి ఒక పొర, జనుము ఒక పొర వేసేవారు. మధ్యమధ్యన ఉప్పు. ఆ వామిలోంచి పీకిన గడ్డికి జనుము వాసన పట్టి ఉండేది, పశువు వదిలేది కాదు. ఇప్పుడు అందరూ రెండో పంట మినుము, మొక్కజొన్నలకి పోయారు. జనుము అంటే పచ్చిరొట్ట అనే అనుకుంటున్నారు పిల్లలు.

ఇంకోటండీ, మిషన్‌ని కాస్త కిందికి దించి కోయించుకోండి. డ్రైవర్లు తొందరలో మోకాలెత్తున మోడు వదిలేస్తారు. గడ్డంతా అక్కడే పోతుంది.

విశ్రాంత_పశువైద్యుడు

మోడు మాట చాలా విలువైనది. జొన్నలోనూ మొక్కజొన్నలోనూ ఆకు మెత్తన, కాడ మొరటు. వరిలో తిరగబడుతుంది. సిలికా ఆకులోనే ఎక్కువ, అందుకని ఆకు కన్నా కాడే బాగా అరుగుతుంది. మోకాలెత్తు మోడు వదిలేస్తే మీరు చేలో పారేసేది గడ్డిలో మేలైన భాగం. తర్వాత దానికి నిప్పు పెడతారు, అది వేరే బాధ.

జొన్నచొప్ప_నారాయణఖేడ్

జొన్నకాడ కూడా అందరు గింజనే చూస్తరు. కానీ చొప్ప కొనేటోడు గట్ల కాదు. హైదరాబాద్ అడ్డల కాడ చొప్ప కట్టలు అమ్మేటోళ్లు చేత్తోని విరిచి, కాడ నమిలి, ఏ రకం చొప్పనో చెప్తరు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ కాడ ఉన్న అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థోళ్లు ఆ మార్కెట్‌ల తిరిగి, చొప్ప కొని పరీక్ష చేసిన్రట. అరిగే గుణం 47 శాతం ఉన్నదానికీ 52 ఉన్నదానికీ ధరల పావు వంతు తేడా వచ్చిందని తేలింది. అప్పట్ల కిలో మూడు రూపాయలు ఒకటి, నాలుగు రూపాయలు ఒకటి. పాలోళ్లకు ల్యాబు అక్కరలేదన్నట్టు.

మేం మాల్దండి జొన్న ఏస్తం. గింజ గట్టిపడంగనే, ఆకు ఇంక పచ్చి మీద ఉండంగ కోసి, కట్టలు నిలువుకు పెట్టి నీడ పట్టున ఆరబెడతం. ఎండల తెల్లబడ్డ చొప్పల ఏముండది. మా దగ్గర యూరియా మాటే లేదు.

చిన్న జొన్న, కోసిన మోడు మీద మళ్లా చిగురేసిన జొన్న మాత్రం పచ్చిగ మేపకుండ్రి. నాము, అంటే పచ్చి జొన్నల ఉండే విషం, తగుల్తది. ఎండిన చొప్పకు ఆ భయం లేదు.

పాడి_కామారెడ్డి

చానా సంగతులు తెలిసినయి. ఇంకొకటి అడుగుతా. మొన్న గాలివానకు పట్టా లేచి కొన్ని చుట్టలు తడిసినయి. విప్పితే లోపల నల్లగ, బూజు పట్టి ఉన్నది. యూరియా పెడితే అది మంచిగైతదా?

విశ్రాంత_పశువైద్యుడు

వద్దు. అమ్మోనియా కొత్త బూజుని రానివ్వదు, అది నిజం. తడి ఆరని గడ్డిని పాడవకుండా దాచడానికి కూడా అది పనికొస్తుంది. కానీ ఇప్పటికే పట్టిన బూజు విడిచిన విషాన్ని అది తీసేస్తుందని నమ్ముకోకండి. బూజు పట్టిన వరిగడ్డి మేసిన గేదెల్లో డెగ్నాలా అనే జబ్బు వస్తుంది. తోక కొస, చెవి కొసలు ఎండి ఊడిపోతాయి, గిట్టల పైన పుండ్లు పడతాయి. చలికాలంలో ఎక్కువ. పంజాబ్ వైపు బాగా పేరున్న జబ్బు, మన దగ్గరా చూశాం. నల్లబడ్డ చుట్టలు పెంటకుప్పలోకి వెళ్లాల్సిందే. ఎంత ఖర్చుపెట్టి కట్టించినా సరే.

పాడి_కామారెడ్డి

చేసి చూసి రాస్తున్నా. మా తమ్ముడు, నేను, ఇంటోళ్లు కలిసి ఐదు క్వింటాళ్లకు పెట్టినం, తూకమేసే పెట్టినం. మూత తీసినప్పుడు కండ్లల్ల నీళ్లొచ్చినయి, అంత ఘాటు. గడ్డి ముదురు పసుపు రంగుకొచ్చింది, చేత్తోని పడితే మెత్తగైంది. ఆరబోసి ఏస్తే మొదాల బర్లు వాసన చూసి తల తిప్పినయి. మామూలు గడ్డిల కలుపుకుంట ఏసేసరికి అలవాటు పడ్డయి. ఇప్పుడు గాడిల పెద్దగ మిగుల్తలేదు.

పాలు పెరగలేదు, ఉన్నదున్నట్టు చెప్తున్న. కానీ వట్టిపోయిన రెండు బర్లకూ, పడ్డలకూ దాణా సగానికి తగ్గించిన. ఒళ్లు తగ్గలే. లెక్కల అన్న చెప్పినట్టు పని మాత్రం నడుములు పడిపోయినంత. ఇంట్ల నలుగురం లేకుంటే కూలి పెట్టి చేయించుడు నా వల్ల కాకపోతుండె.

లెక్కల_మనిషి

తమ్ముడూ, పాలు పెరిగాయని రాయకపోవడం నాకు నచ్చింది. దాణా తగ్గిన మేరకి డబ్బు మిగిలినట్టే. నేను కూడా వద్దనలేదు, అందరికీ పనికొచ్చేదని చెప్పొద్దన్నాను అంతే.

సీమ_పాడి_అక్క (కదిరి)

పచ్చిమేత అసలు లేకుండా ఒట్టి ఎండుగడ్డి మీదే నెలల తరబడి నడిపితే ఏమన్నా అవుతాదా డాక్టరు గారూ? మా పక్క ఎండాకాలం అంతా అదే కద.

విశ్రాంత_పశువైద్యుడు

అవుతుంది. ఎండి తెల్లబడ్డ గడ్డిలో కెరోటిన్ ఉండదు. విటమిన్ ఎ కొరత వస్తే సూడి పశువులకు గుడ్డి దూడలు, బలహీనమైన దూడలు పుట్టవచ్చు. దాన్ని యూరియా ఏమీ చేయలేదు. రోజుకి నాలుగైదు కిలోల పచ్చిమేత ఉన్నా సరిపోతుంది: గట్ల మీది అవిసె, సుబాబుల్ కొమ్మలు, ఏదైనా. కాల్షియం కోసం ఖనిజ లవణాల మిశ్రమం రోజుకి 50 గ్రాములు దాణాలో కలపండి. వరిగడ్డి మీద నడిచే పశువుకి ఇది తప్పనిసరి.

పాడి_కామారెడ్డి

గుడివాడ అన్నా, వానకాలం వరి తర్వాత రెండెకరాలల్ల జనుము, పిల్లిపెసర చల్లుదామనుకుంటున్న. వరి కోతకు ముందే చల్లాలెనా, కోసినంక చల్లాలెనా?

డెల్టా_గేదెలు (గుడివాడ)

మా పాతవాళ్లు కోతకు నాలుగైదు రోజుల ముందు, చేలో తేమ ఉండగానే వరిలోనే చల్లేవారు. అది చేతికోతకి. మీది మిషన్ కోత, చక్రాల కింద మొలక నలిగిపోతుంది. అందుకని కోత అవ్వగానే, గడ్డి చుట్టలు తీసేసిన రోజే, తేమ ఆరకముందు చల్లి పైపైన కలియదున్నండి. బేలర్ వాడికి ముందే ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకోండి. వాడు వారం ఆలస్యం చేశాడంటే తేమ పోతుంది, అప్పుడు ఒక తడి పెట్టాల్సి వస్తుంది. జనుము పూతకి రాగానే కోసేయండి. ముదిరితే నారెక్కుతుంది, అప్పుడు మీ బర్లు దాన్నీ గాడిలోనే వదిలేస్తాయి.